బంగారు పలకలు, పాముల మూటలు

ముప్పైమూడేళ్లు నేను గాజుసామాను కడిగాను. మహారాష్ట్ర అంచున సిరొంచలో ఒక కాలేజీ, అందులో రసాయనశాస్త్ర ప్రయోగశాల, అందులో సహాయకుడి ఉద్యోగం. ఆర్డరు కాగితం మీద మరాఠీలో ఆ పదవి పేరు చదివితే ఏదో పెద్ద అధికారి అనుకుంటారు. చేసే పని మాత్రం బీకర్లు కడగడం, ద్రావణాలు కలిపి పెట్టడం, పిల్లలు పరీక్షనాళికలు పగలగొట్టినప్పుడు తిట్టడం. తిట్టడంలో నాకు మంచి పేరుండేది. అంకిస నుంచి బామ్ని దాకా ఏ ఊరికి వెళ్లినా నా తిట్లు తిన్నవాళ్లు ఇద్దరైనా ఎదురొచ్చి నమస్తే పెడతారు.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. ప్రయోగశాలల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, మీ సర్వీసులో గొప్పగా చెప్పుకునేది ఏముంది అని అడుగుతారు. గొప్పది చెప్పమంటే నాకు ఒక్కటీ తోచదు. చెడగొట్టింది చెప్పమంటే మాత్రం ఒకటుంది. అదే చెప్తాను, వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేం అనుకోను.

అవి కరోనా రోజులు. కాలేజీకి తాళం. పిల్లల్లేరు, పాఠాల్లేవు. నేను మాత్రం రోజు విడిచి రోజు వెళ్లి కిటికీలు తెరిచి, దుమ్ము దులిపి వచ్చేవాణ్ని. అలాంటి ఒక రోజున మా పాత విద్యార్థిని ఒకామె వచ్చింది. అంకిస పిల్ల. వాళ్ల తాత కాలంలో ఒకరి పొలంలో కూలికి పోయిన కుటుంబం, ఈ పిల్ల హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పీహెచ్‌డీ చేస్తోంది. నా దగ్గర రెండేళ్లు ప్రాక్టికల్స్ చేసింది, నా తిట్లు తక్కువ తిన్న కొద్దిమందిలో ఒకతె. మూతికి రెండు మాస్కులు వేసుకుని తలుపు దగ్గరే నిలబడింది.

"కాకా, హైదరాబాద్ల మా ల్యాబ్ బందైంది. దినానికి ఇద్దర్నే రానిస్తాండ్రు. నా పనికి మిషన్ అక్కర లేదు, ముంచుడు, కడుగుడు, ఆరవెట్టుడు, గంతే. మా సారు ఇక్కడ చేసుకొమ్మన్నడు. ప్రిన్సిపాల్ సారు కూడ సరే అన్నడు. నువ్వు జర తోడుంటవా?"

"ముంచుడు, కడుగుడు అయితే నాకంటె మొనగాడు ఎవడున్నడు బిడ్డా?" అన్నాను. అదీ మొదలు.

ఆమె చేసే పని నాకు అర్థమైనంతలో చెప్తాను. తీగలు అల్లడం. తీగ అంటే కరెంటు స్తంభాల మీద వేలాడేది కాదు, కంటికి కనపడనంత చిన్నది. వేలిగోరంత గాజుపలక, దాని మీద పల్చటి బంగారు పూత. ఆ పలకను ముందుగా ఒక ద్రావణంలో ఒక రోజంతా ఉంచాలి. ఆ ద్రావణంలో ఉండే అణువుకు ఒక కొసన గంధకం ఉంటుంది, ఇంకో కొసన ఇనుమును పట్టుకునే కొక్కెం ఉంటుంది. గంధకం కాలు బంగారం మీద గట్టిగా అతుక్కుంటుంది, కొక్కెం పైకి లేచి నిలబడుతుంది. అప్పుడు పలకను ఇనుప ఉప్పు కలిపిన నీటిలో ముంచితే ప్రతి కొక్కేనికీ ఒక్కో ఇనుము తగులుకుంటుంది. కడిగి, రెండు వైపులా కొక్కేలున్న ఇంకో అణువు ద్రావణంలో ముంచితే అది ఇనుము మీద కూర్చుంటుంది. మళ్లీ ఇనుము, మళ్లీ కొక్కెం. పూసలు గుచ్చినట్టే. ఎన్నిసార్లు ముంచితే తీగ అంత పొడవు. దాంట్లో కరెంటు పారుతుందా, ఎంత దూరం పారుతుంది అన్నది ఆమె పరిశోధన.

ఆ మొదటి ద్రావణం సీసా మూత తీస్తే చాలు, గది గదంతా ఎల్లిగడ్డ కంపు. నేను ముక్కు మూసుకున్నాను.

"ఏంది బిడ్డా, నీ మందు మా ఇంట్ల ఎల్లిపాయ కారం లెక్క వాసన కొడ్తాంది?"

ఆమె పకపకా నవ్వింది. "రెండిట్ల ఉండేది గంధకమే కాకా. గందుకే వాసన గట్లనే ఉంటది."

ఆ మాట నేను ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశాను. వదలకుండా ఉంటే నాకీ కథే ఉండేది కాదు.

ఎండాకాలమంతా ఇద్దరం పని చేశాం. ఆమె ఒక బల్ల దగ్గర, నేను ఇంకో బల్ల దగ్గర. ఆమె గడియారం చూసి "ఇగ తియ్యి" అంటే నేను పలకను పట్టకారుతో ఎత్తి, కడిగి ఇచ్చేవాణ్ని. నీళ్లు నేనే రెండుసార్లు మరిగించి పట్టేవాణ్ని. గాజుసామాను నేను కడిగితే వెలుతురుకు పట్టి చూసినా ఒక మరక కనపడదు. ఆ గర్వం నాకు తక్కువేం కాదు. పన్నెండు పలకలు తయారయ్యాయి. ఆమె వాటిని తీసుకుని గోదావరి మీది కాళేశ్వరం వంతెన దాటి, ఎన్నో పర్మిషన్లు చూపించుకుంటూ హైదరాబాదు వెళ్లింది. తన వంతు వచ్చిన రోజున ల్యాబులో ఒంటరిగా కూర్చుని పరీక్ష చేసింది. ఫోన్లో ఆమె గొంతు విన్నాను, ఇప్పటికీ చెవిలో ఉంది.

"కాకా, వచ్చింది! ఇనుము దగ్గర గ్రాఫు ముద్దుగ మూపురం లెక్క లేస్తాంది. తీగ పొడుగైన కొద్ది మూపురం పెరుగుతాంది!"

పరీక్షకు పెట్టిన పలక మళ్లీ పనికి రాదు, తీగలు చెడిపోతాయి. అందుకని గ్రాఫులే మిగిలాయి. వాళ్ల సారు కూడా సంబరపడ్డాడు. పరిశోధన పత్రిక కోసం వ్యాసం రాయడం మొదలుపెట్టారు. ఒకసారి చేస్తే చాలదు, ఇంకో పన్నెండు చేసి పంపించు, ఈసారి నేనే చూస్తాను అన్నాడాయన. ఆమె తిరిగి అంకిస వచ్చింది. అప్పటికి వానలు పడ్డాయి.

ఇక్కడ నా భయం గురించి చెప్పాలి. నాకు పామంటే చచ్చే భయం. కాలేజీ వెనకాల ప్రహరీ దాటితే వరిపొలాలు. నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడు, వానాకాలంలో, ఆమ్లాల సీసాలు పెట్టే అలమారా కింది అరలోంచి కట్లపాము బయటికొచ్చింది. నా చేతిలోని సీసా ఎక్కడ పడిందో నాకు తెలియదు, నేను మాత్రం ప్రిన్సిపాల్ గది బల్ల మీద తేలాను. అప్పటినుంచి తొలకరి పడగానే మా ఇంటావిడ ఎల్లిగడ్డ, ఇంగువ కలిపి రోట్లో మెత్తగా దంచి, పాతగుడ్డల్లో అయిదు చిన్న మూటలు కట్టి ఇచ్చేది. ల్యాబు నాలుగు మూలలా నాలుగు, అలమారాలో ఒకటి పెట్టేవాణ్ని. మా వైపు చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. ఆ ఘాటుకు పాము రాదంటారు. పాముకు ఆ సంగతి తెలుసో లేదో నేను చెప్పలేను. నాకు మాత్రం ధైర్యంగా ఉండేది.

ఆ ఏడు కూడా పెట్టాను. అలవాటైన చేయి, ఆలోచన లేకుండా పెట్టింది. అలమారా కింది అరలో మూట. దాని పక్కనే అట్టపెట్టెలో ఇంకా ముంచని బంగారు పలకలు. వాసన ఎవరికీ వింతగా తోచలేదు. ఎందుకు తోస్తుంది? ఆమె సీసా వాసన కూడా అదే కదా. పైగా ఇద్దరికీ మాస్కులు.

రెండో పన్నెండు పలకలు తయారయ్యాయి. ఈసారి తెలిసినవాళ్ల కారులో హైదరాబాదు పంపించాం. వారం తిరక్కుండా శుక్రవారం మధ్యాహ్నం వాళ్ల సారు ఫోన్ చేశాడు. ఆమె ల్యాబులో కిటికీ దగ్గర నిలబడి మాట్లాడింది, సిగ్నల్ అక్కడే వస్తుంది. మాట్లాడటమంటే, వినడమే. "సార్... సార్..." అంటూ వింది. ఫోన్ పెట్టేసి మొహం పొలాలవైపు తిప్పుకుంది.

"ఏమైంది బిడ్డా?"

"పన్నెండు పలకలు పెట్టిండట కాకా. ఒక్కదాంట్ల కూడ మూపురం లేదు. గీత సపాటుగ పోయిందట."

"వానకాలం కదా, తేమకు పాడైనయేమో."

"నేను గూడ గదే అన్న. సారు ఏమన్నడో ఎరుకనా? 'నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు వచ్చింది, నేను చూస్తే ఎందుకు రాలేదు?' అన్నడు. వ్యాసం ఆపిండు. బుధవారం సారే ఇక్కడికి వస్తుండట, నోట్‌బుక్కులన్నీ తీసి పెట్టుమన్నడు."

ఆ మాటకు అర్థమేమిటో నాబోటి వాడిక్కూడా తెలుసు. గ్రాఫు నువ్వే గీశావని. పరిశోధనలో దొంగ లెక్క రాసిందని ఒకసారి మచ్చ పడితే ఆ పిల్లను మళ్లీ ఏ ల్యాబూ రానివ్వదు. అయిదేళ్ల చదువు, వాళ్ల ఇంట్లో మొదటిసారి ఒకరు అంత దూరం వెళ్లడం, అన్నీ పోతాయి.

మరునాడు శనివారం. ఇద్దరం నీళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే అనుమానించాం. నీళ్లు మంచివే. ఇనుప ఉప్పు కొత్తదే. ఆమె నాకు విడమరచి చెప్తూ, అసలు తనకు తాను చెప్పుకుంటూ, ఇలా అంది:

"బంగారం మీద సీటు తక్కువ కాకా. గంధకం ఉన్నది ఏదైనా ముందుగాల వచ్చి కూసున్నదంటే ఇగ లేవదు. బస్సుల కిటికీలకెళ్లి దస్తీ ఏసినట్టు. నా అణువు వచ్చేసరికి సీట్లన్నీ నిండిపోయి ఉంటయి. కాలే పెట్టనప్పుడు తీగ ఎక్కడ నిలవడ్తది? కని ఇక్కడ గంధకం ఎక్కడ్నుంచి వస్తది? రబ్బరు కూడ వాడుతలేం మనం."

నేను ఏదో కడుగుతున్నాను. చేతిలో బీకరు అలాగే ఉండిపోయింది. రెండిట్ల ఉండేది గంధకమే కాకా, అని ఎండాకాలంలో ఆమె అన్న మాట అప్పుడు చెవిలో మోగింది. మెడ తిప్పి అలమారావైపు చూడ్డానికి కూడా భయమేసింది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, సిగ్గు. ముప్పైమూడేళ్లు పిల్లల్ని శుభ్రత లేదని తిట్టినవాణ్ని, ప్రయోగశాలలో పాముల మూటలు పెట్టానని ఎలా చెప్పను? రిటైరయ్యేందుకు ఇంకా ఎనిమిది నెలలే ఉంది. ఊరంతా తెలుస్తుంది, ప్రిన్సిపాల్ సారు మెమో ఇస్తాడు, నవ్వులపాలవుతాను. ఇలాంటివన్నీ నిమిషంలో బుర్రలో తిరిగాయి. ఆమె ఇంటికి వెళ్లాక అయిదు మూటలూ ఏరి, వెనక ప్రహరీ మీంచి పొలాల గట్టు వైపు విసిరేశాను. అలమారా తుడిచాను, అరలు సబ్బుతో కడిగాను. ఇంక బాధ పోయింది, సారు ముందర ఆమె మళ్లీ చేస్తే వచ్చేస్తుంది, చెప్పే పనే లేదు అని నన్ను నేను సముదాయించుకున్నాను. అట్టపెట్టెలో మిగిలిన పలకల మీద అప్పటికే సీట్లు నిండిపోయాయన్న ఇంగితం కూడా లేకపోయింది.

ఆదివారం, సోమవారం, మంగళవారం. ఆమె రోజూ వచ్చేది. పని చేసేది కాదు, నోట్‌బుక్కులు తిరగేసేది. మొహం పీక్కుపోయింది. మా ఇంటావిడ నన్ను అడిగింది: "ఏందయ్యా, ఏమన్న పరేషానా? అన్నం ముందర కూసొని మొద్దు లెక్క చూస్తవు." ఆమెకూ చెప్పలేదు. మంగళవారం సాయంత్రం ఆ పిల్ల ఒక కాగితం రాసి మడిచి పుస్తకంలో పెట్టుకుంటుంటే చూశాను.

"ఏంది గది?"

"సారుకు. నేను మానేస్తున్ననని రాసిన. ఆయన అడుగకముందే ఇస్త కాకా. గది జర ఇజ్జత్ గ ఉంటది."

ఆ రాత్రి ఇంట్లో నాకు కన్ను మూతపడలేదు, ఇంతకంటే ఆ రాత్రి గురించి చెప్పేదేం లేదు.

బుధవారం పదకొండు గంటలకు సారు కారు దిగాడు. బక్కపలచని మనిషి, గట్టిగా మాట్లాడడు. కోపిష్టి అయితే బాగుండేది, ఈయన మెత్తగా అడుగుతుంటే ఇంకా భయం వేసింది. ప్రిన్సిపాల్ సారు కూడా వచ్చాడు. ఆయన చంద్రాపూర్ వైపు మనిషి, తెలుగు అర్థమవుతుంది, కోపమొస్తే మరాఠీలోకి వెళ్తాడు. సారు నోట్‌బుక్కులు ఒక్కో పేజీ తిప్పాడు. చివరికి కళ్లద్దాలు తీసి అడిగాడు.

"అమ్మా, నేను ఒక్కసారే అడుగుతాను. ఆ రోజు మెషీన్ మీద నిజంగా నువ్వు ఆ గ్రాఫులు చూశావా?"

ఆమె జవాబు చెప్పలేదు. పుస్తకం తెరిచి ఆ మడత కాగితం మీద చెయ్యి పెట్టింది. నా కాళ్లు వాటంతటవే ముందుకు వెళ్లాయి.

"సార్, తప్పు నాది. ఆ పిల్లది కాదు. పలకల పక్కన ఎల్లిగడ్డ, ఇంగువ మూట పెట్టిన."

ప్రిన్సిపాల్ సారు "కాయ్? ఏంది?" అన్నాడు. "పాములు రాకుండ సార్. ప్రతి ఏడు పెడ్త" అన్నాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు. "అరే దేవా, ఇది సైన్స్ ల్యాబా, మంత్రాల గుడిసెనా?"

నేను అనుకున్నదేమిటంటే, చెప్పేస్తే అయిపోతుంది, తిట్లు తిని ఒడ్డున పడతాను. అలా జరగలేదు. సారు నావైపు జాలిగా చూశాడు.

"పెద్దాయనా, మీ ఊరి అమ్మాయి మీద మీకున్న అభిమానం నాకు అర్థమవుతుంది. కానీ ఇలా అబద్ధాలు చెప్తే ఆమెకే నష్టం. ఆ మూట ఏది, చూపించండి."

మూట ఏది? నేనే విసిరేశాను కదా! అలమారా నేనే సబ్బుతో కడిగాను. రుజువు ఒక్కటీ లేకుండా నా చేతులతో నేనే తుడిచిపెట్టాను. ఆమె కూడా నన్ను నమ్మనట్టే చూసింది. తన కోసం కట్టుకథ చెప్తున్నాననుకుంది.

"ఊకో కాకా. నా కోసం నువ్వు బద్నాం కావద్దు" అంది.

ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. నా మీద నాకే. గొడుగు కూడా తీసుకోకుండా వెనక తలుపు తెరిచి, ప్రహరీ సందులోంచి పొలం గట్టు మీదికి దిగాను. మోకాలెత్తు గడ్డి. నాలుగు రోజుల వాన. ముప్పైమూడేళ్లు ఏ పాముకు భయపడి ల్యాబులో మూటలు పెట్టానో, ఆ పాములుండే గడ్డిలో వంగి, వట్టి చేతులతో మూటలు వెతికాను. "పామన్న, ఇయ్యాల జర నన్ను ఇడిచిపెట్టు, ఆ పిల్ల బతుకు ఆగమైతాంది" అని పైకే అన్నాను. నా వెనక గోడ మీంచి ముగ్గురూ చూస్తున్నారని తరవాత తెలిసింది. ఒక కప్ప ఎగిరితే నేను అంతకంటే పైకి ఎగిరాను. అయినా వెనక్కి రాలేదు. రెండు మూటలు దొరికాయి. నానిపోయి, బురద పట్టి ఉన్నాయి. వాసన మాత్రం అలాగే ఉంది.

తీసుకొచ్చి బల్ల మీద పెట్టాను. గుడ్డ మా ఇంటావిడ పాత చీర ముక్కే, నీలం పూలది. సారు మాస్కు కిందికి లాగి వాసన చూశాడు. తల వెనక్కి లాక్కున్నాడు. తరవాత ఆమె వాసన చూసింది. చూసి, అలమారావైపు తిరిగి, అట్టపెట్టె ఎక్కడుండేదో చూసి, అలాగే స్టూలు మీద కూర్చుండిపోయింది.

"కింది అరల పెట్టినవా కాకా?"

"పెట్టె పక్కనే బిడ్డా."

సారు లేచి అటూ ఇటూ రెండుసార్లు నడిచాడు. ఆయన గొంతు మారింది. "వాసనతో ఏదీ రుజువు కాదు. పలకతో చూద్దాం" అన్నాడు. ఆమె చేత తన కళ్లముందే చేయించాలని ఆయన తనతో సీలు వేసిన కొత్త పలకలు నాలుగు తెచ్చాడు, టిఫిన్ డబ్బా అంత చిన్న పరీక్ష యంత్రం కూడా తెచ్చాడు. వెనకవైపు గాజు మీద గుర్తులు పెట్టి, రెండు పలకల్ని ఒక జాడీలో ఈ మూటతో, రెండింటిని ఇంకో జాడీలో మూట లేకుండా మూతపెట్టి గెస్ట్‌హౌస్‌లో తన గదికి తీసుకెళ్లాడు. పొద్దున నాలుగూ కలిపేసి ఇచ్చాడు. ఏది ఏదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఆయన రెండు రోజులు అక్కడే ఉండిపోయాడు. ఇంత దూరం వచ్చి ఊరికే పోలేను అన్నాడు.

గురువారమంతా పలకలు మొదటి ద్రావణంలో ఉన్నాయి. శుక్రవారం పొద్దున్నుంచి ముంచడం, కడగడం. సారు కుర్చీ వేసుకుని అంతా చూస్తూ కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ సారు గంటకోసారి వచ్చి "ఝాలా కా? అయిందా?" అని అడిగి వెళ్లేవాడు. మెమో ఇస్తాడనుకున్నవాడు చాయ్ పంపించడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ యంత్రం లాప్‌టాప్ బ్యాటరీతోనే నడుస్తుందని సారు చెప్పాక మళ్లీ పనిలో పడ్డాను.

నాలుగు గంటలకు మొదటి పలక. తెర మీద గీత చీమ నడిచినట్టు మెల్లగా జరిగింది. సపాటు. రెండో పలక. గీత కొంతదూరం సపాటుగానే పోయింది, తరవాత లేచింది. లేచి, లేచి, గుండ్రంగా మూపురమై మళ్లీ దిగింది. మూడోది మళ్లీ మూపురం. నాలుగోది సపాటు. సారు జేబులోంచి చీటీ తీసి గుర్తులతో సరిచూశాడు. సపాటువి రెండూ మూటతో ఉన్నవి. మూపురాలు రెండూ మంచి పలకలవి.

ఆయన చీటీ బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు. "అమ్మా, నిన్ను అనుమానించాను. తప్పు నాది. నీ మొదటి గ్రాఫులు నిజమే. రేపే వ్యాసం మళ్లీ మొదలుపెడదాం" అన్నాడు. విద్యార్థి ముందర ఒక గురువు లేచి నిలబడి అలా అనడం నేను నా సర్వీసులో చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. ప్రిన్సిపాల్ సారు నా వీపు తట్టి "బస్, బస్ రే బాబా" అన్నాడు. బతికిపోయాం దేవుడా, బతికిపోయాం అని నేను లోపల ఎన్నిసార్లు అనుకున్నానో. ఆరు రోజుల తరవాత ఆ పూట నాకు ఆకలేసింది.

ఆమె పీహెచ్‌డీ పుస్తకంలో ఆ రెండు సపాటు గీతలకు ఒక పేజీ ఉంది. ఎల్లిగడ్డలోని గంధకం బంగారం మీద ముందే కూర్చుంటే తీగ నిలవదు అని అందులో ఉంది. ఒక ప్రయోగశాల సహాయకుడి వల్ల తెలిసిందని మర్యాదగా రాసింది. చెడగొట్టింది కూడా అదే మనిషి అని రాయలేదు. ఇప్పుడామె ఇంకో పెద్ద ల్యాబులో ఉంది, నెలకోసారి ఫోన్ చేస్తుంది. మెమో నాకు రాలేదు. మూటలు మాత్రం మళ్లీ పెట్టలేదు. అలమారా తెరిచే ముందు కర్రతో రెండు దెబ్బలు కొట్టేవాణ్ని, ఆ ఎనిమిది నెలలూ అలాగే నెట్టుకొచ్చాను.

పిల్లలూ, తప్పులు చేయొద్దని నేను మీకు చెప్పను. చేస్తారు. నేను చెప్పేది ఆ శుక్రవారం సాయంత్రం సంగతి, అది ఎవరికీ ఇంతకుముందు చెప్పలేదు. సారు గెస్ట్‌హౌస్‌కు వెళ్లాడు. ల్యాబులో మేమిద్దరమే ఉన్నాం. నేను బీకర్లు కడుగుతున్నాను. ఆమె ఆ మడత కాగితాన్ని చింపి బుట్టలో వేసింది. వేసి, నావైపు చూడకుండానే అడిగింది.

"కాకా, మూటల వల్లనే అని నీకు ఎన్నడు ఎరుకైంది?"

బుధవారం పొద్దున అని చెప్పొచ్చు. ఎవరూ కాదనరు. నోటిదాకా వచ్చింది కూడా.

"శనివారం బిడ్డా. నువ్వు దస్తీ ముచ్చట చెప్పినప్పుడే ఎరుకైంది. సిగ్గుకు చెప్పలే."

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆది, సోమ, మంగళ. తిడితే బాగుండు అనిపించింది.

"సారు అనుమానపడ్డడని నేను ఏడ్వలే కాకా" అంది. "ఆ మూడు దినాలు నా మీద నాకే అనుమానం వచ్చింది. నిజంగ మూపురం చూసిన్నా, లేకుంటే రావాల్నని అనుకొని అనుకొని వచ్చిందనుకున్ననా అని. నా కండ్లను నేనే నమ్మలే. బుధవారం సారు అడిగితే గందుకే జవాబు చెప్పలే. ఎరుకలేక చెప్పలే."

నేను చేతిలోని బీకరు కింద పెట్టాను. సారు నమ్మడం లేదన్నదే ఆమె బాధ అని నేను అనుకున్నాను అన్నాళ్లూ. నా మౌనం ఇంత లోపలికి వెళ్లి కూర్చుందని నాకు తోచనే లేదు. "నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా" అన్నాను.

ఆమె మాస్కు తీసి, కొంగుతో మొహమంతా తుడుచుకుని, ఊపిరి గట్టిగా పీల్చి వదిలింది.

"అయిపోయింది తియ్యి కాకా. ఇప్పుడైతే నేను చూసింది నేను చూసిందే."